రంగనాథన్ వీధిలో కలిసిన రంగు బాల్కనీలో ఎందుకు విడిపోయింది?

పోయిన ఆషాఢంలో మా వదిన పాత కంచిపట్టు చీర సంచిలో పెట్టుకుని చెన్నై టి.నగర్ వెళ్లింది. జాకెట్టు బిగుతైపోయింది, కుంకుమ రంగు బ్లౌజు పీసు కావాలి. రంగనాథన్ వీధిలో ఓ మ్యాచింగ్ సెంటర్లో నూలు పీసును చీర మీద పరిచి చూస్తే ఏది ఏదో తెలియలేదట. మర్నాడు పొద్దున బాల్కనీలో చూస్తే చీర కుంకుమ, పీసు ఇటుక.

"ప్యాక్ చేసేటప్పుడు మార్చేశాడు" అని వదిన. "అమావాస్య పూట కొంటే అంతే" అని అమ్మ. "ఏమయ్యా, సైన్సు చదివావుగా, నువ్వు చెప్పు!" అని మళ్లీ వదినే.

ఎవరూ మార్చలేదు. ఒక లైటులో ఒకేలా కనిపించిన రెండు రంగులు ఇంకో లైటులో వేరుగా కనిపించడాన్ని మెటామెరిజం అంటారు. రంగులు చూడటానికి మన కంట్లో మూడు రకాల కోన్ కణాలున్నాయి. వీటిని ముగ్గురు గుమాస్తాలు అనుకోండి. ఒక్కొక్కరికీ తెలిసేది బిల్లు మొత్తమే, సంచిలో ఏముందో ఎవరూ చూడరు. గుడ్డకు అద్దిన రంగు ఏ తరంగదైర్ఘ్యాన్ని ఎంత వెనక్కి పంపుతుందో అది కూరల తూకం. లైటులో ఏది ఎంత ఉందో అది ఆ పూట ధర. కోయంబేడు కూరగాయల మార్కెట్లో టమాటా ఊరికే ఇచ్చేస్తున్న రోజున, నాలుగు కిలోల టమాటా ఉన్న సంచికీ కిలో ఉన్న సంచికీ మిగతా కూరలు సమానమైతే బిల్లు ఒకటే. మర్నాడు కిలో 80 అయిందా, గుట్టు రట్టు! పట్టుకు ఎక్కువగా వాడేవి యాసిడ్ రంగులు, నూలుకు రియాక్టివ్ రంగులు. సంచులు ముందునుంచీ వేరు.

ఇక్కడ టమాటా అంటే ముదురు ఎరుపు. కొట్లో వెలిగే మామూలు తెల్ల ఎల్ఈడీలో ఉండేది 450 నానోమీటర్ల దగ్గర నీలి కాంతినిచ్చే చిప్పు, దానిమీద ఆ నీలంలో కొంత పసుపు వెలుగుగా మార్చే ఫాస్ఫర్ పూత. ముదురు ఎరుపు దగ్గరికి వచ్చేసరికి ఆ వెలుగు పలచబడిపోతుంది. ఎండలో అది దండిగా ఉంటుంది. బల్బు పెట్టె మీద 'సీఆర్ఐ 80' అని, అంటే ఆ లైటులో రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె, గొప్పగా రాస్తారు గానీ, అది మొదటి 8 నమూనా రంగుల సగటు, అన్నీ వెలిసినట్టుండే రంగులే. చిక్కటి ఎరుపు తొమ్మిదోది, ఆర్9. దాన్ని సగటులో కలపరు. మా స్కూల్లో డ్రాయింగు మార్కులు టోటల్లో వేసేవారు కాదు, అచ్చం అలాగే. పెళ్లి చీరల ఊళ్లో ఎరుపును లెక్కలోంచి తీసేయడమేమిటో!

ఇక జరీ సంగతి. ట్యూబులైటు కింద అది మామూలుగా మెరుస్తుంది. చిన్న స్పాట్‌లైటు పడితే పోగుపోగునా వేరే చుక్క తళుక్కుమంటుంది, తల కాస్త కదిపితే చుక్కలూ కదులుతాయి. పట్టు కొట్లలో పైకప్పు చూడండి, తెలుస్తుంది. పైగా పరుపు మీద ఎర్ర చీరలు పది చూశాక పదకొండోది ఆకుపచ్చదైతే, ఎరుపుకు అలిసిన కంటికి ఆ ఆకుపచ్చ ఇంకా చిక్కగా కనిపిస్తుంది.

"ఈసారి గుమ్మం దాకా తెచ్చి ఎండలో చూడు వదినా" అన్నాను.

"కట్టుకునేది ఎండలోనా? రాత్రి రిసెప్షన్‌కి కదా!" అని ఫోన్ తీసి మండపం మేనేజరుకు కలిపింది, స్టేజీ మీద ఏ లైట్లు వేస్తారో కనుక్కోవడానికి.