మెగా మిర్చి వార్‌లో వార్ ఎక్కడర్రా?

గుంటూరు, అరండల్‌పేట
ఆదివారం పొద్దున

చిరంజీవులు చిన్నోడికీ, అమ్మలుకీ,

తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ నేనూ అమ్మమ్మా క్షేమం. బెజవాడలో మీరంతా కులాసా అని తలుస్తాను.

మీ అమ్మ పంపిన లింకు తెరిచి మీ గేమ్ ఆడాను. ఒకసారి కాదు, పదకొండుసార్లు. 'మెగా మిర్చి వార్ 3డీ: ది అల్టిమేట్ బ్యాటిల్' అని పేరు పెట్టి, ఆ పేరు ఎలా ఉందో చెప్పమన్నారు. గేమ్ బాగుంది. పేరు సంగతి మాత్రం ఫోన్‌లో తేలేది కాదు. మీరు రెండో మాటకే 'సరే తాతయ్యా' అని పెట్టేస్తారు. అందుకే ఈ ఉత్తరం.

ఇంతకీ మీ గేమ్‌లో ఏముంది? మన మిర్చి యార్డు ఉంది. తలపాగా చుట్టుకున్న హమాలీ ఒకడు టిక్కీ, అదే మిర్చి బస్తా, వీపున వేసుకుని, ఆటోలనీ లారీలనీ తప్పించుకుంటూ కాటా దాకా పోవాలి. ఘాటు ఎక్కువైతే తుమ్ము వస్తుంది, తుమ్మితే టిక్కీ కింద పడుతుంది. అంతేగా? మరి ఇందులో వార్ ఎక్కడర్రా? ఎవరు ఎవరిని కొట్టారు? త్రీడీ అన్నారు, బొమ్మేమో అప్పడంలా చదునుగా ఉంది. అల్టిమేట్ అంటే ఆఖరిది అని. ఒకరికి పదకొండేళ్ళు, ఒకరికి తొమ్మిది, మీకు అప్పుడే ఆఖరిదేంటి?

కోప్పడుతున్నానని అనుకోవద్దు. ఈ జబ్బు మీతో మొదలవలేదు. మీ అమ్మ చిన్నప్పుడు మన ఇంటి ముందు గదిలో నాలుగు టీవీలు పెట్టి వీడియో గేముల షాపు నడిపానని మీకు తెలుసుగా. గంటకి పది రూపాయలు. అప్పట్లో ఒకాయన దగ్గర 'తొమ్మిది లక్షల తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది ఇన్ వన్' అనే క్యాసెట్ కొన్నాను. అన్ని గేములు ఒక్క క్యాసెట్‌లో ఉన్నాయంటే ఎవరు కొనరు? ఇంటికొచ్చి పెట్టి చూస్తే, ఉన్నవి పట్టుమని పన్నెండు. అవే రంగులు మారి, అవే మధ్యలోంచి మొదలై, కొత్త కొత్త పేర్లతో మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. అమ్మిన ఆయన్ని అడిగితే 'లెక్కపెట్టుకుంటూ ఎవరు కూర్చుంటారండీ' అన్నాడు. నిజమే, నేను కూర్చున్నాను! 'పేరు గొప్ప, ఊరు దిబ్బ' అని మా అమ్మ ఎందుకనేదో ఆ రాత్రి తెలిసింది. మీ 'మెగా', 'అల్టిమేట్' చూడగానే నాకు ఆ క్యాసెట్టే గుర్తొచ్చింది. అవి గేమ్ చూసి పెట్టిన మాటలు కావు, కొనేవాడి మొహం చూసి పెట్టినవి.

ఆ పన్నెండింటిలోనే కాంట్రా ఉండేది. జపాన్‌లో కొనామీ కంపెనీ 1987లో తెచ్చింది. 'పైకి పైకి కిందికి కిందికి ఎడమ కుడి ఎడమ కుడి బీ ఏ' అని నొక్కితే ముప్ఫై ప్రాణాలు. మా షాపుకొచ్చే పిల్లలకి ఎక్కాలు రాకపోయినా ఇది వచ్చేది. అదే గేమ్ జర్మనీలో అమ్మేటప్పుడు, మనుషులు మనుషుల్ని కాల్చడం బాగుండదని సైనికుల బదులు రోబోలని పెట్టారు. పెట్టి ఊరుకోలేదు, పేరునీ 'ప్రొబొటెక్టర్' అని మార్చారు. బొమ్మ మారింది కాబట్టి పేరు మారాలి అనుకోవడం నాకు నచ్చింది.

తర్వాత టీవీలు తీసేసి కంప్యూటర్లు పెట్టి నెట్ సెంటర్ చేశాను. అప్పుడు చూసిన పేర్లలో నా లెక్కన మొదటి ర్యాంకు రోడ్ రాష్‌కి ఇస్తాను. మొదటి రోడ్ రాష్ 1991లో వచ్చింది. మోటర్ సైకిల్ మీద పోతూ పక్కవాణ్ణి తన్నే గేమ్. రాష్ డ్రైవింగ్ లాంటిదే అనుకునేవాళ్ళు పిల్లలు, నేనూ అంతే. తర్వాత మన వీధి చివర ఒక కుర్రాడు బండి మీంచి పడి మోచెయ్యంతా దోక్కుని వస్తే, కట్టు కట్టిన డాక్టరు గారు దీన్ని ఇంగ్లీషులో రోడ్ రాష్ అంటారు అన్నారు. తారు రోడ్డు మీద ఈడ్చుకుపోయి తోలు లేచిపోవడం! ఆ గేమ్‌లో గెలవడం కంటే పడటమే ఎక్కువ కదా, సరిగ్గా ఆ పడటానికే పేరు పెట్టారు.

ఐజీఐ కూడా అలాంటిదే. 2000లో వచ్చింది. మా కుర్రాళ్ళు అదేదో పోలీసు ఐజీ గారి గేమ్ అనుకునేవాళ్ళు. అసలు విడదీస్తే 'ఐయామ్ గోయింగ్ ఇన్', అంటే 'లోపలికి పోతున్నా' అని. ఒక్కడే శత్రువుల స్థావరంలోకి దూరాలి. మధ్యలో సేవ్ చేసుకునే వీల్లేదు, చస్తే ఆ మిషన్ మళ్ళీ మొదటినుంచే. అందుకని రోజుకి ఇరవైసార్లు లోపలికి పోవడమే పని. పేరు అబద్ధమాడలేదు.

ఇప్పుడు కంప్యూటర్ కట్టేసి మన అరుగు మీదికి రండి. అష్టాచెమ్మా అంటారు చూశారా, నాలుగు గవ్వలూ ఒక వైపు పడితే ఎనిమిది, అది అష్ట. రెండో వైపు పడితే నాలుగు, అది చెమ్మ. ఆటలో ఎప్పుడు పడతాయా అని చేతులు నలుపుకుంటామే, ఆ రెండు పందేలే ఆట పేరు. కోతికొమ్మచ్చిలో కోతులూ ఉన్నాయి, కొమ్మా ఉంది, కోతులం మనమే. ఇక చెడుగుడు! అర్థం ఏమీ లేదు. కూతకి వెళ్ళినవాడు ఊపిరి బిగబట్టి గుక్క తిప్పుకోకుండా అనే చప్పుడది. కానీ ఆ మాట చెవినబడితే చాలు, మట్టీ చెమటా వాసన కొడుతుంది నాకు.

జపనీయులు కూడా ఇదే పని చేశారు. 1980లో తోరు ఇవతానీ అనే ఆయన ఒక గేమ్ చేశాడు. పసుపుపచ్చటి గుండ్రటి బొమ్మ, నోరు తెరుస్తూ మూస్తూ చుక్కలన్నీ తినేస్తుంది. మనం ఎవరైనా ఇష్టంగా తింటుంటే 'లొట్టలేస్తూ' అంటాం, వాళ్ళు నోరు తెరిచి మూసే చప్పుడుని 'పాకు పాకు' అంటారు. దాన్నుంచే పేరు. మొదట జపాన్‌లో 'పక్ మ్యాన్' అనేవారు. అమెరికాలో షాపుల్లో పెట్టేటప్పుడు, ఎవరైనా ఆకతాయి మొదటి అక్షరం కాస్త గీకితే బూతుమాట అవుతుందని భయపడి 'ప్యాక్ మ్యాన్' చేశారు. ఏ అక్షరం అని నన్నడక్కండి.

మరి పేరు ఎప్పుడూ ఆటలో కనబడేదే చెప్పాలా? అక్కర్లేదు. వైకుంఠపాళి చూడండి. ఇంగ్లీషువాళ్ళు దాన్ని స్నేక్స్ అండ్ లాడర్స్ అన్నారు, పాములూ నిచ్చెనలూ అని. తప్పులేదు, పటం మీద కనబడేవి అవే. మన పెద్దలు పెట్టిన పూర్తి పేరు పరమపద సోపాన పటం. పరమపదానికి పోయే మెట్ల బొమ్మ అని. అందులో పాము ఊసే లేదు. పెద్ద పాము నోట్లో పడి అడుక్కి జారిపోయినవాడిక్కూడా ఆ పేరు 'నువ్వు పోవాల్సింది పైకిరా' అని చెబుతూనే ఉంటుంది. వాళ్ళ పేరు దారిలో ఏముందో చెబుతుంది, మనది ఎక్కడికి పోవాలో చెబుతుంది. రెండూ నిజమే. నాకు మనదే ఎక్కువ నచ్చుతుందనుకోండి, అది నా పక్షపాతం.

ప్రిన్స్ ఆఫ్ పర్షియా చేసిన జోర్డాన్ మెక్నర్ కూడా ఆ రెండో దారే పట్టాడు. 1989లో వచ్చింది. మంత్రి జాఫర్ రాకుమారిని బంధించి, నన్ను పెళ్ళాడతావా చస్తావా అని గంట గడువిస్తాడు. చెరసాల్లో పడున్న మన కుర్రాడు ఆ అరవై నిమిషాల్లో పైకి రావాలి. మా సెంటర్లో అందరూ వాణ్ణి ప్రిన్స్ అనే పిలిచేవాళ్ళు. ఆ మొదటి గేమ్‌లో వాడు రాజకుమారుడు కాదర్రా! ఎక్కణ్ణుంచో వచ్చిన బాటసారి, కథలో వాడికి పేరు కూడా లేదు. గెలిచి, ఆ అమ్మాయిని పెళ్ళాడితే అప్పుడు అవుతాడు ప్రిన్స్. ఎన్నిసార్లు శూలాల మీద పడి చచ్చినా పేరు మాత్రం పైనుంచి పిలుస్తూనే ఉంటుంది. కొందరు దీన్ని తప్పు పేరంటారు. నేనైతే పరమపద సోపానం అంటాను.

చక్కగా అబద్ధమాడే పేర్లూ ఉన్నాయి. డాంకీ కాంగ్ 1981 నాటిది, మియమోతో అనే జపాన్ ఆయన చేశాడు. వెతికితే ఒక్క గాడిద లేదు. మొండి గొరిల్లా అనే అర్థం వస్తుందని గాడిద మాట పెట్టాడట. మనం మొండివాణ్ణి గాడిదా అని తిట్టమూ? అందులో నిచ్చెనలెక్కే హీరోకి మొదట జంప్‌మ్యాన్ అనే పేరు, తర్వాత మారియో అయ్యాడు. టెట్రిస్ అయితే సగం నిజం. మాస్కోలో పజిత్నోవ్ అనే ఆయన 1984లో చేశాడు. గ్రీకులో టెట్రా అంటే నాలుగు, పైనుంచి పడే ప్రతి ముక్కలోనూ నాలుగే గళ్ళు. మిగతా సగం టెన్నిస్ నుంచి తెచ్చాడు. ఎందుకంటే ఆయనకి టెన్నిస్ ఇష్టం, అంతే. ఇక ఫైనల్ ఫాంటసీ అని 1987లో మొదలైంది, 2023కి పదహారోది వచ్చింది. ఫైనల్ అంటే ఏమిటో, అల్టిమేట్ అని రాసిన మీరే ఆలోచించుకోండి.

మీ ఫోన్‌లో ఉన్నవీ చూశాను. టెంపుల్ రన్‌కి వంక పెట్టడానికి లేదు. గుళ్ళో విగ్రహం ఎత్తుకొచ్చాడు, పరుగెత్తుతున్నాడు, వెనక కోతుల్లాంటివేవో తరుముతున్నాయి. హిల్ క్లైంబ్ రేసింగ్‌లో కొండ ఉంది, ఎక్కడం ఉంది, రేసింగే లేదు. మొదటి దాంట్లో పక్కన ఇంకో బండే రాదు, పోటీ అంతా పెట్రోలుతోనే. సబ్‌వే సర్ఫర్స్‌లో సర్ఫింగ్ అంటే సముద్రం మీద పలక అనుకున్నావు కదూ అమ్మలూ? రైలుకి బయట వేళ్ళాడుతూ, పైకెక్కి పోవడాన్ని అలా అంటారు. గేమ్‌లో సరే. మన గుంటూరు ప్యాసింజర్ దగ్గర ఆ వేషాలు వేశారో, చెవులు మెలేస్తాను.

పబ్జీ గురించి చెప్పకపోతే చిన్నోడు అలుగుతాడు. 2017లో వచ్చినప్పుడు దాని పూర్తి పేరు ప్లేయర్‌అన్‌నోన్స్ బ్యాటిల్‌గ్రౌండ్స్. చేసిన బ్రెండన్ గ్రీన్ ఆన్‌లైన్‌లో పెట్టుకున్న పేరే ప్లేయర్‌అన్‌నోన్. మనవాళ్ళు పచ్చడి సీసాల మీద ఫలానావారి ఆవకాయ అని వేస్తారు చూడు, అలా తన పేరు వేసుకున్నాడన్నమాట. కాకపోతే 'ఎవరో తెలియనివారి ఆవకాయ' అయింది! 2020లో మన ప్రభుత్వం ఆపేసింది. మరుసటి ఏడు వేరే పేరుతో మళ్ళీ వచ్చింది. అయినా మీ వీధిలో దాన్ని ఆ కొత్త పేరుతో పిలిచేవాడు ఒక్కడైనా ఉన్నాడా?

మీకు పనికొచ్చేది మైన్‌క్రాఫ్ట్ సంగతి. 2009లో దాన్ని చేస్తున్నప్పుడు మొదట పెట్టుకున్న పేరు కేవ్ గేమ్, అంటే గుహ ఆట. గుహ చోటు మాత్రమే. మనం ఏం చేస్తామో ఆ పేరులో లేదు. తర్వాతి పేరులో తవ్వడం ఉంది, తవ్వినదానితో తయారు చేయడమూ ఉంది. ఆ రెండు పనులే ఆ గేమ్ మొత్తం. అంటే మొదటి పేరు మార్చుకోవడం నామోషీ ఏం కాదర్రా, అంత పెద్ద గేమ్‌కే తప్పలేదు.

నిన్న సాయంత్రం ఒక పని చేశాను. పేరున్న తెర దాటించేసి, పేరు చెప్పకుండా ఫోన్ మీ అమ్మమ్మ చేతిలో పెట్టాను. మొదట 'నాకెందుకండీ ఇవన్నీ' అంది. రెండుసార్లు ఆటో కింద పడ్డాక అద్దాలు తెచ్చుకుంది. మీరు తుమ్ముకి పెట్టిన ఆ 'హాచ్' చప్పుడు నీదేగా అమ్మలూ? అది వచ్చినప్పుడల్లా ఆవిడ నవ్వు వంటింట్లో పనమ్మాయికి వినబడింది. పొయ్యి మీద పాలు పొంగాయి, ఆ తిట్లు నాకు పడ్డాయి. ఈ పొద్దున కాఫీ ఇస్తూ 'ఆ తుమ్ములాట ఏదీ, ఇంకోసారి పెట్టండి' అంది.

ఆ పేరే పెట్టమని నేను చెప్పడం లేదు, గేమ్ మీది. వచ్చే ఆదివారం నేనూ అమ్మమ్మా వస్తున్నాం, అప్పటికి మీరు ఏదనుకుంటే అది. ముందు ఒకటి సరిచేయండి. మూడో గేటు దగ్గర ఆటో గోడలోంచి దూసుకొస్తోంది. అమ్మమ్మ అక్కడే ఐదుసార్లు చచ్చింది, డ్రైవర్ ఎవరో కనుక్కోమంటోంది.

ఇట్లు
మీ తాతయ్య

తా.క. పాత క్యాసెట్ల పెట్టె అటక మీద దొరికింది, తెస్తున్నాను. తొమ్మిది లక్షల గేముల క్యాసెట్ కూడా అందులోనే ఉంది. చిన్నోడా, నమ్మకపోతే నువ్వే లెక్కపెట్టుకో.