షాక్ సినిమా అంటే బూతు సినిమానా? కొన్ని అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో పగలు పెళ్లి వీడియోలు తీస్తాను. ఖాళీ దొరికితే, ఆ పెళ్లివాళ్లు చూశారంటే అడ్వాన్సు వెనక్కి అడిగే రకం పొట్టి సినిమాలు తీస్తాను. అండర్‌గ్రౌండ్ సినిమా అంటారు, చూసేవాణ్ణి ఉలిక్కిపడేలా చేస్తుంది కాబట్టి షాక్ సినిమా అనీ అంటారు. నిర్మాత ఉండడు, థియేటర్ ఉండదు, మిద్దె మీద దుప్పటి కట్టి ముప్పై మందికి చూపిస్తాం. చూసినవాళ్లూ చూడనివాళ్లూ అనే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: ఇదంతా ఫారిన్ పిచ్చి.

ఈ మాట తిరుపతిలో పుట్టినవాళ్లే అంటే నవ్వొస్తుంది. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి వేషాలు వేసేది ఎవరు? మన పక్కింటివాళ్లే. ఒంటికి బొగ్గు పూసుకుంటారు, మీసాలున్న మగాళ్లు చీర కట్టి పూలు పెట్టుకుంటారు, నడివీధిలో బూతులు తిడతారు. ఎవరూ తప్పు పట్టరు, అది మొక్కు. చివర్లో మట్టితో చేసిన అమ్మవారి విశ్వరూపం చెంప నరికితే ఆ మట్టి కోసం జనం ఎగబడతారు. ఆడవాళ్లను చెరిచే పాలెగాణ్ణి వెతకడానికే అమ్మవారు ఇన్ని వేషాలు వేసిందని కథ. అంటే ఆ తిట్లకు ఒక గురి ఉంది.

జాతర దాకా ఎందుకు, సమాజాన్ని తిడుతూ తెలుగులో కవిత్వం రాసిన దిగంబర కవులను చూడండి. 1965లో హైదరాబాద్‌లో తొలి సంపుటిని అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. 1968లో విశాఖలో మూడోదాన్ని ఒక బిచ్చగత్తె చేత. కవిత్వం కన్నా ముందు ఆ పనికే చాలామంది ఉలిక్కిపడ్డారు.

అపోహ: ఎంత ఘోరం చూపిస్తే అంత షాక్.

నేనూ అలాగే అనుకున్నాను. పంచదార పాకంలో ఎర్ర ఫుడ్ కలర్, చిటికెడు కాఫీ పొడి కలిపి అర లీటరు రక్తం చేసి గోడంతా చల్లాను. జనం నవ్వారు.

స్పెయిన్ దర్శకుడు బున్యుయెల్, చిత్రకారుడు దాలీ కలిసి 1929లో తీసిన పొట్టి సినిమాలో కన్ను కోసే షాట్ ఉంది. చూసినవాళ్లు మర్చిపోలేరు. కోసింది దూడ కన్ను. దానికి ముందు చంద్రుడి మీదుగా సన్నటి మబ్బు వెళ్తుంది. సగం కోత ఆ మబ్బే కోసేసింది. షాక్ ఎడిటింగ్‌లో ఉంటుందని నాకు అప్పుడు తలకెక్కింది. తర్వాతి సినిమాలో రక్తం లేదు, బూతు లేదు. నటులతో తాళి కట్టే షాట్ తీసి, దాని మీద మంగళవాయిద్యానికి బదులు నోట్లు లెక్కపెట్టే మెషిన్ శబ్దం పెట్టాను. ఒకాయన మధ్యలో లేచి వెళ్లిపోయాడు. కొడుక్కి సంబంధాలు చూస్తున్నాడని తర్వాత తెలిసింది.

అపోహ: జనం తిట్టారంటే సినిమా గెలిచినట్టే.

1930లో పారిస్‌లో బున్యుయెల్ రెండో సినిమా ఆడుతుంటే తెర మీద సిరా చల్లారు, తర్వాత దాన్ని నిషేధించారు. అది చదివిన ఊపులో నేనూ తిట్లు కోరుకున్నాను. బస్టాండ్‌లో మా కుర్రాణ్ణి స్పృహ తప్పినట్టు పడుకోబెట్టి, ఎవరికీ చెప్పకుండా దూరం నుంచి తీశాం. శ్రీకాళహస్తి బస్సెక్కబోతున్న ఒక పెద్దామె సంచి పారేసి వచ్చి, వాడి తల ఒళ్లో పెట్టుకుని నీళ్లు తాగించింది. ఏడ్చింది కూడా. వెళ్లి అసలు సంగతి చెప్పాం. తిట్టలేదు. "నా బస్సు పోయింది గదా నాయనా" అంది, అంతే. ఆ ఫుటేజీ చెరిపేశాను. ఇప్పుడు ముందుగా చెప్పకుండా ఎవరినీ తీయను. పాలెగాణ్ణి వదిలేసి ఆమెను కొట్టాం మేము.

అపోహ: యూట్యూబ్‌కి సెన్సార్ లేదు, ఏమైనా పెట్టొచ్చు.

సర్టిఫికెట్ అక్కర్లేదు, నిజమే. 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం కింద అది బహిరంగ ప్రదర్శనకు కావాలి. కానీ అశ్లీలానికి ఐటీ చట్టం సెక్షన్ 67 ఉంది, కావాలని మత భావాలను కించపరిస్తే భారతీయ న్యాయ సంహిత 299 ఉంది. కొండ కింద ఊళ్లో ఉంటూ రెండోది తెలియకపోతే కష్టం.

అపోహ: ఫోనుంటే చాలు, ఖర్చుండదు.

బిర్యానీలకే జేబు ఖాళీ అవుతుంది. మైకు అద్దె వేరు. నోట్ల మెషిన్ ఒక పూటకు అద్దెకు కావాలని షాపులో అడిగితే ఆయన కొత్త కవరు విప్పుతూ, "ఎవరింట్లో సార్ పెళ్లి?" అన్నాడు.