ఖాళీ ఓడ ఎటు పోవాలి?

విశాఖ ఆర్కే బీచ్‌లో సాయంత్రం పూట కూర్చుంటే దూరంగా లంగరు వేసిన ఓడలు కనిపిస్తాయి. వాటిలో ఏది నిండుగా ఉందో, ఏది ఖాళీయో ఒడ్డు నుంచే చెప్పొచ్చు. నిండు ఓడ నీళ్లలోకి బాగా దిగి పొట్టిగా ఉంటుంది. ఖాళీది పైకి తేలి, నీటి కింద దాగాల్సిన ఎర్ర రంగు అడుగును బయటపెట్టుకుని నిలబడుతుంది.

ఓడల ప్రయాణాన్ని ప్లాన్ చేయడమంటే మ్యాపు మీద దగ్గర దారి గీయడమే అనుకుంటాం. అది సులువైన పని. కాలువలు, జలసంధులు, తుఫానులు ఎక్కడున్నాయో తెలిస్తే గీత చాలావరకు తేలిపోతుంది. అసలు తలనొప్పి సరుకు దించాక మొదలవుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో ఏ లారీ ఓనర్‌ని అడిగినా ఈ మాటే చెబుతాడు. చెన్నైకి లోడు దొరకడం గొప్ప కాదు, అక్కణ్నుంచి రిటర్న్ లోడు దొరకాలి. లేదంటే డీజిలు, టోలు, డ్రైవర్ బత్తా అన్నీ జేబులోంచే.

ఓడకి రిటర్న్ లోడు ఇంకా కష్టం. విశాఖ ఉక్కు కర్మాగారానికి కోకింగ్ బొగ్గు ఆస్ట్రేలియా నుంచి వస్తుంది. తిరుగు ప్రయాణంలో అంత పెద్ద ఓడ నిండే సరుకు మన దగ్గర ఆస్ట్రేలియాకి అక్కర్లేదు. ఇటు విశాఖలో ఇనుప ఖనిజం ఎక్కించుకునే ఓడ తూర్పు ఆసియాకి వెళ్తుంది. దాని తిరుగు కథా అంతే. పైగా ఓడ నిజంగా ఖాళీగా నడవలేదు. సముద్రంలో నిలకడగా ఉండటానికి వేల టన్నుల నీళ్లు ట్యాంకుల్లోకి ఎక్కించుకోవాలి. అంటే ఇంధనం తగలేసి మరీ ఉప్పునీళ్లు మోస్తుందన్నమాట.

ఇప్పుడు ఈ రెండు ఓడల లెక్క కలిపి చూద్దాం. సులువుగా ఉండటానికి ప్రతి మజిలీ 15 రోజులు అనుకుందాం. బొగ్గు ఓడ రానూపోనూ 30 రోజులు, ఖనిజం ఓడ రానూపోనూ 30 రోజులు. మొత్తం 60లో 30 రోజులు ఖాళీ తిరుగుడే. అలా కాకుండా ఒకే ఓడ ఆస్ట్రేలియా నుంచి బొగ్గు తెచ్చి, విశాఖలో ఖనిజం ఎక్కించుకుని, చైనాలో దించి, అక్కణ్నుంచి ఖాళీగా ఆస్ట్రేలియా చేరితే 45 రోజులు చాలు. ఖాళీ ప్రయాణం 15 రోజులే. ఏ మజిలీలోనూ దారి మారలేదు, ఎవరి తర్వాత ఎక్కడికి అన్నదే మారింది.

రెండు ఓడలైతే చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వందల ఓడలైతే? రెండో ప్రపంచ యుద్ధంలో ఈ ప్రశ్న ఒక డచ్ మేధావికి ఎదురైంది. కెమిస్ట్రీ పీజీ చేసినవాళ్లకి కూప్‌మన్స్ సిద్ధాంతం గుర్తుండే ఉంటుంది. ఆ ట్యాలింగ్ కూప్‌మన్సే. 1934లో ఆ సిద్ధాంతం రాసి, తర్వాత ఆర్థికశాస్త్రంలోకి మళ్లాడు. 1942లో వాషింగ్టన్‌లో, బ్రిటిష్ మర్చంట్ షిప్పింగ్ మిషన్‌లో గణాంక నిపుణుడిగా చేరాడు. యుద్ధకాలంలో ఓడలకి కరువు. ఉన్నవాటితోనే ఎక్కువ సరుకు తరలించాలి.

ఆయన ఆలోచన నుంచి తేలే ఒక నియమం నాకు భలే నచ్చుతుంది. ఒకే రకం ఖాళీ ఓడలు రెండు నడిసముద్రంలో ఎదురెదురుగా వస్తే, ఆ ప్లానులో తప్పున్నట్టే. ఎవరి రేవులో ఉన్న సరుకు వాళ్లే ఎక్కించుకుని ఉంటే ఇద్దరికీ ఖాళీ ప్రయాణం తప్పేది. ఎదురెదురుగా కాక అడ్డంగా దాటుకున్నా అంతే, గమ్యాలు మార్చుకుంటే మొత్తం దూరం తగ్గుతుంది.

ఇంకో అడుగు ముందుకేసి, ప్రతి రేవులోనూ ఖాళీ ఓడకి ఒక విలువ ఉంటుందన్నాడు. కరెంటు తీగల్లో వోల్టేజీ లాంటిది. సరుకు గుట్టలుగా పడి ఉన్న రేవులో ఆ విలువ ఎక్కువ, దించడం తప్ప ఎక్కించడం లేని రేవులో తక్కువ. అందుకే ఓడని తక్కువ విలువ ఉన్న చోటికి లాక్కెళ్లే సరుకు, కిరాయి ఎక్కువ కట్టాలి. చైనా నుంచి అమెరికాకి కంటెయినర్ పంపడానికయ్యే కిరాయితో పోలిస్తే తిరుగు కిరాయి చాలా తక్కువ. దూరం అదే కదా అంటే, ఇదీ జవాబు. ఈ తరహా పనికే 1975లో కూప్‌మన్స్‌కి, సోవియట్ గణితవేత్త కాంటొరోవిచ్‌కి కలిపి అర్థశాస్త్ర నోబెల్ ఇచ్చారు. ఈ లెక్కలు తేల్చే సింప్లెక్స్ పద్ధతి కనిపెట్టిన డాంట్‌జిగ్‌కి ఇవ్వకపోవడం మాత్రం అన్యాయమే.

కాగితం మీద ఇంత అందంగా ఉన్న లెక్క రేవులోకి రాగానే మురికి పట్టుకుంటుంది. కాకినాడ నుంచి ఆఫ్రికాకి బియ్యం వెళ్తుంది. పక్కనే బొగ్గు దించిన ఓడ ఖాళీగా ఉందిగా, అందులో వేసేద్దామంటే కుదరదు. హోల్డులు, అంటే ఓడ లోపల సరుకు నింపే గదులు, కడిగి, ఆరబెట్టి, తనిఖీలో పాసవ్వాలి. ఆ రోజులూ లెక్కలోకి వస్తాయి.

తర్వాత వేగం. ఓడ రోజుకి తాగే ఇంధనం దాదాపుగా వేగం ఘనం (క్యూబ్) లెక్కన పెరుగుతుంది. వేగం 14 నాట్ల (గంటకి 14 నాటికల్ మైళ్లు) నుంచి 12కి తగ్గితే రోజు ఖర్చు మూడో వంతుకి పైగా పడిపోతుంది. 15 రోజుల ప్రయాణం పదిహేడున్నర రోజులవుతుంది, అయినా మొత్తం మీద ఇంధనంలో పావు వంతు మిగులు. మరి అందరూ నెమ్మదిగా ఎందుకు నడపరు? ఒప్పందంలో లేకాన్ అని ఒక గడువుంటుంది. అది దాటితే సరుకువాళ్లు ఓడని రద్దు చేసుకోవచ్చు. చాలా రేవుల్లో ముందొచ్చినవాళ్లకే ముందు బెర్తు, అంటే సరుకు దించే చోటు. అందుకని బెర్తు ఖాళీ లేదని తెలిసి కూడా కెప్టెన్ ఉరుకులు పరుగుల మీద వచ్చి క్యూలో నిలబడతాడు. బీచ్‌లో మనం పల్లీలు తింటూ చూసే ఆ ఓడల్లో అలా పరుగెత్తుకొచ్చి, రోజుల తరబడి లంగరు మీద ఊగుతున్నవీ ఉంటాయి.