.22 కన్వర్షన్ కిట్లు: అపోహలు, వాస్తవాలు (వీసా మీద ఉన్నవాళ్లు తప్పక చదవండి)

డాలస్ చుట్టుపక్కల రైఫిల్, పిస్టల్ షూటింగ్ నేర్పుతుంటాను. నేర్చుకోవడానికి వచ్చేవాళ్లలో మన తెలుగువాళ్లు చాలామందే ఉంటారు. తూటాల ధర చూసి గుండె గుభేల్‌మనగానే వాళ్ల దృష్టి .22 కిట్ మీదికి, అంటే ఉన్న తుపాకీలోనే చౌకైన చిన్న .22 తూటాలు కాల్చేలా మార్చే విడిభాగాల సెట్ మీదికి వెళుతుంది. అందులో తప్పేం లేదు. పిస్టల్‌లో వాడే 9 ఎంఎం రౌండ్ (తూటా) పాతిక సెంట్ల దగ్గర, రైఫిల్‌లో వాడే 5.56 అర డాలర్ దగ్గర ఉంటే .22 ఎల్‌ఆర్ (మామూలు .22 తూటా) పది సెంట్ల లోపే దొరుకుతుంది. కాకపోతే కిట్‌తో పాటు ఓ పుకారు కూడా చేతులు మారుతోంది. ముందు దాని సంగతి చెప్పాలి.

అపోహ: "కిట్‌కి బ్యాక్‌గ్రౌండ్ చెక్ లేదు, పార్సిల్‌లో ఇంటికే వస్తుంది. హెచ్-1బి మీదున్నా పర్లేదు."

పార్సిల్ మాట నిజమే. ఏఆర్-15 రైఫిల్ కిట్ అంటే ఒక బోల్ట్ (తూటా వెనక మూసి ఉంచే భాగం), మ్యాగజైన్. గ్లాక్ పిస్టల్ కిట్ అంటే స్లైడ్ (ముందుకీ వెనక్కీ కదిలే పై భాగం), బ్యారెల్, మ్యాగజైన్. ఫెడరల్ చట్టం దృష్టిలో ఏఆర్-15లో తుపాకీ అంటే లోయర్ రిసీవర్ (ట్రిగ్గర్ ఉండే కింది భాగం), గ్లాక్‌లో ఫ్రేమ్ (పిడి ఉండే భాగం). అందుకే టెక్సస్‌లో కిట్‌ని మామూలు విడిభాగంలా అమ్ముతారు. కానీ దాన్ని బిగించేది ఆ తుపాకీకే కదా? అందులో వేసేది తూటాలే కదా? నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్ల దగ్గర తుపాకీ గానీ, తూటాలు గానీ ఉండకూడదని ఫెడరల్ చట్టంలోని 922(జి)(5) సెక్షన్ చెబుతోంది. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 అన్నీ అందులోకే వస్తాయి. .22కి మినహాయింపేమీ లేదు. అల్మరాలో మిగిలిన సగం డబ్బా కూడా లెక్కలోకే వస్తుంది. ఫ్రెండ్ తుపాకీ రేంజ్‌లో కాసేపు పట్టుకున్నా అది "దగ్గర ఉండటం" కిందికే వస్తుంది. 2022 నుంచి దీనికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. కేసులో దోషిగా తేలితే దేశం నుంచి పంపేయడానికి కూడా అదే కారణం అవుతుంది. పది సెంట్ల తూటా కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న గ్రీన్ కార్డ్‌ని పణంగా పెట్టకండి.

దారి లేకపోలేదు. అమెరికాలో ఏ రాష్ట్రమైనా ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ ఉంటే ఈ నిషేధం వర్తించదు. టెక్సస్‌లో అది ఆన్‌లైన్‌లోనే దొరుకుతుంది. గడువు తీరకపోవడమే ఇక్కడ కీలకం. టెక్సస్ లైసెన్స్ మామూలుగా ఆగస్టు 31తో అయిపోతుంది. ఒక సెప్టెంబర్ క్లాసుకి వచ్చిన కుర్రాణ్ని లైసెన్స్ చూపించమంటే ఫోన్ తీశాడు. తేదీ చూసుకోగానే మాట పడిపోయింది. ఇంట్లో తూటాలున్నాయి, భార్య హెచ్-4 మీద ఉంది, చంటిపాప. "అన్నా, ఇప్పుడు నన్నేమైనా చేస్తారా?" అని అడుగుతుంటే ఆ గొంతు విని నాకే కడుపులో దేవినట్టయింది. ఆ రోజు తుపాకీ ముట్టనివ్వలేదు. అక్కడే కూర్చుని కొత్త లైసెన్స్ తీసుకోమన్నాను, ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడమన్నాను. భయపడేవాళ్ల మీద నాకు కోపం లేదు. "ఏం కాదు బ్రో" అని వాట్సాప్‌లో ధైర్యం చెప్పేవాళ్ల మీదే నా కోపమంతా. వాళ్లెవరూ రేపు మీతో కోర్టుకి రారు. గ్రీన్ కార్డ్ వచ్చినవాళ్లకు ఈ సెక్షన్ అడ్డం రాదు. మిగతావాళ్లు లైసెన్స్ తేదీ చూసుకున్నాకే రేంజ్‌కి బయల్దేరండి.

ఇక మిగతావి.

"జామ్ అవుతోంది, కిట్ నాసిరకం." చాలాసార్లు తప్పు తూటాది. ఈ బోల్ట్ వెనక్కి రావడానికి ఏఆర్-15 గ్యాస్ సిస్టమ్ పనికి రాదు, ఆ చిన్న తూటా తన్నిన తన్నే ఆధారం. 40 గ్రెయిన్ (గుండు బరువు) హై వెలాసిటీ, అంటే సెకనుకి 1,200 అడుగులకు అటూఇటూ ఉన్నవి వాడండి. స్టాండర్డ్ వెలాసిటీ రౌండ్లతో బోల్ట్ సగంలోనే ఆగుతుంది, ఖాళీ కేస్ ఎజెక్షన్ పోర్ట్‌లో (కేస్ బయటికి పోయే కంతలో) అడ్డంగా ఇరుక్కుంటుంది. రెండుమూడు రకాల చిన్న ప్యాకెట్లు తెచ్చి, మీ కిట్‌కి ఏది పడుతుందో చూసుకున్నాకే పెద్ద డబ్బా కొనండి.

"బ్యారెల్ పాడైపోతుంది." పాడవదు, సీసం పేరుకుంటుంది. రాగి పూత ఉన్నవి వాడి, శుభ్రం చేసుకుంటే చాలు. పిస్టల్ కిట్‌కైతే బ్యారెల్ విడిగానే వస్తుంది. ఏఆర్-15 బ్యారెల్ ట్విస్ట్ (గుండును తిప్పే లోపలి మెలిక) .22 కోసం చేసింది కాదు, గ్రూప్ (టార్గెట్ మీద గుండ్లు పడే గుంపు) కొంచెం విచ్చుకుంటుంది. జీరో (గురి పెట్టినచోటే గుండు తగిలేలా చేసిన సైట్ సెట్టింగ్) కూడా మారుతుంది, సైట్‌ని ఎన్ని క్లిక్కులు తిప్పాలో రాసిపెట్టుకోండి.

"రీకాయిల్ (తుపాకీ వెనక్కి తన్నడం) లేనప్పుడు ప్రాక్టీస్ దండగ." ఈ మాట వింటే నాకు ఓపిక ఉండదు. 1911 పిస్టల్‌కి కోల్ట్ కంపెనీ .22 కిట్ తెచ్చింది 1938లోనే. ఎం16 రైఫిల్‌కి అమెరికా సైన్యం ఎం261 అనే కిట్ వాడింది. ట్రిగ్గర్ మీ తుపాకీదే, పట్టూ అదే. రీకాయిల్ వస్తుందని ముందే కళ్లు మూసుకుని మణికట్టు కిందికి నొక్కేవాళ్లకు ఇంతకంటే మందు లేదు. క్లాసు చివర ఒకట్రెండు మ్యాగజైన్లు 9 ఎంఎం కాల్పిస్తాను, అలవాటు నిలిచిందో లేదో అక్కడ తెలుస్తుంది.

".22 ఆటబొమ్మ." ఆ గుండు మైలు దాటి వెళ్లగలదు. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే తుపాకీని టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగండి. శబ్దం ఎప్పటికన్నా నీరసంగా వస్తే మాత్రం రెండో రౌండ్ వద్దు: మ్యాగజైన్ తీసి, చాంబర్ ఖాళీ చేసి, బ్యారెల్‌లో గుండు ఇరుక్కుందేమో చూడాలి. ఇంటికెళ్లాక పిల్లల్ని ఎత్తుకునే ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి, బట్టలు మార్చుకోండి. సీసం వాళ్లకు చేటు.