వెనక సందు నుంచి కోలారు చెరువు దాకా: బెంగళూరు మురికి ఎవరి వాకిట చేరింది

మల్లేశ్వరం పాత వీధుల్లో రెండు వరుసల ఇళ్ళ పెరళ్ళ మధ్య సన్నని సందు ఒకటి ఉంటుంది. దానిని ఇప్పటికీ కన్సర్వెన్సీ సందు, అంటే పారిశుద్ధ్యపు సందు, అంటారు. కొన్నిచోట్ల అక్కడ స్కూటర్లు నిలుపుకుంటున్నారు, కొన్నిచోట్ల పాత సామాను పడేస్తున్నారు, ఒకటి రెండిటిని ఈమధ్య శుభ్రం చేసి గోడలకు బొమ్మలు వేసి నడకదారులుగా మార్చారు. ఒక పెరటిగోడ అడుగున, మోకాలెత్తు కూడా లేని చిన్న తలుపును ఇటుకలతో పూడ్చిన గుర్తు చూశాను. ఆ రోజుల్లో ఆ తలుపులోంచి చెయ్యి పెట్టి పెరటి మరుగుదొడ్డిలోని మలాన్ని తట్టలోకి ఎత్తుకోవాలి. ఎత్తే మనిషి వీధి గుమ్మం వైపు కనపడకూడదు. అందుకని పేట నక్షా గీసినప్పుడే ఆ సందును కూడా గీశారు.

బెంగళూరులో పేదలు మురికి పక్కన ఎందుకు ఉన్నారని అడిగితే, చోటు చవక గనుక అక్కడికి చేరారని సాధారణంగా చెబుతారు. అందులో కొంత నిజం ఉంది. అయితే ఈ నగర చరిత్రను కాస్త ఓపికగా చూస్తే, పేదలు మురికిని వెతుక్కుంటూ వెళ్ళిన సందర్భాల కంటే, మురికిని పేదలున్న వైపు పంపిన సందర్భాలే ఎక్కువ కనిపిస్తాయి.

1898 ఆగస్టులో హుబ్బళ్ళి వైపు నుంచి రైలు మార్గాన ప్లేగు ఈ ఊరికి వచ్చింది. కిక్కిరిసిన పాత పేటలో వేలమంది చనిపోయారు, ఇళ్ళు కూల్చారు, జనాన్ని ఊరి బయట శిబిరాలకు తరలించారు. గాలి, వెలుతురు ధారాళంగా ఉండాలన్న ఆలోచనతో మిట్ట నేల మీద వేసిన మల్లేశ్వరం, బసవనగుడి విస్తరణలు ఆ ప్లేగు తరువాతే ఊపందుకున్నాయి. వెడల్పాటి వీధులు, చెట్లు, ఇంటికి ఇంటికి మధ్య ఖాళీ స్థలం, వెనక కన్సర్వెన్సీ సందు అన్నీ అనుకున్న ప్రకారం అమరాయి. హెసరఘట్ట నుంచి కుళాయి నీరు 1890ల నడుమనే ఊరికి వచ్చింది. స్థలం కొని ఇల్లు కట్టుకోగలిగినవారికి కొత్త పేటలు దక్కాయి, లేనివారు ఇరుకులోనే మిగిలారు. ఆరోగ్యం పేరుతో మొదలైన పట్టణ ప్రణాళిక, తొలి అడుగులోనే, ఎవరి ఆరోగ్యం అన్న ప్రశ్నకు ఒక జవాబు చెప్పేసింది.

ఆ సందుల్లో పని చేసినవారి కథ తెలుగు పాఠకులకు దూరమైనది కాదు. నగరంలోనూ కంటోన్మెంటులోనూ పారిశుద్ధ్యపు పనికి తెలుగు మాట్లాడే దళిత కుటుంబాలు తరతరాలుగా వస్తూ ఉన్నాయి. నేటికీ బెంగళూరు పౌరకార్మికులలో అధికభాగం తెలుగు ఇంటిభాషగా గల దళితులు, వారిలోనూ మాదిగలు, అందులో ఎక్కువమంది ఆడవాళ్ళు. తెల్లవారుజామున హాజరు వేసే చోట, అంటే వాళ్ళు మస్టరు అని పిలిచే చోట, కాసేపు నిలబడితే ఈ సంగతి చెవికే తెలుస్తుంది. మేస్త్రీకి కన్నడంలో జవాబు చెప్పిన మనిషి పక్కకు తిరిగి, "అక్కా, ఆ పరక ఇట్లియ్యి" అంటుంది. ఊళ్ళో ఇంత తెలుగు ఉందని గర్వంగా చెప్పుకునేటప్పుడు ఈ తెలుగును మనం లెక్కలోకి తీసుకోకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

1970లలో కర్ణాటక ముఖ్యమంత్రి దేవరాజ్ అరసు మంత్రివర్గంలో ఉన్న బి. బసవలింగప్ప నెత్తిన మలం మోయించడాన్ని నిషేధించారు. ఆ దశకంలోనే ఐ.పి.డి. సాలప్ప కమిటీ 500 మంది జనాభాకు ఒక పౌరకార్మికుడు ఉండాలని సిఫారసు చేసింది. ఆ తరువాత ఊరు పెరిగినంతగా ఉద్యోగాలు పెరగలేదు. ప్రభుత్వ కొలువుల స్థానంలో గుత్తేదారులు వచ్చారు. గుత్తేదారు కింద పనిచేసినంత కాలం చేతి తొడుగులు, సెలవు, భవిష్యనిధి, చివరికి నెల జీతం కూడా అతని దయగా మారాయి. గుత్తను తొలగించి పాలికె, అంటే నగరపాలక సంస్థే, నేరుగా జీతం ఇవ్వాలన్న నిర్ణయం 2017లో జరిగింది. 2022 జూలైలో వేలమంది సమ్మెకు దిగిన మీదట ఉద్యోగాలను విడతలుగా ఖాయం చేయడానికి ప్రభుత్వం ఒప్పుకుంది. 2025 మే డే నాడు 12 వేలకు పైగా నియామక పత్రాలు అందాయి. సాలప్ప సిఫారసు నుంచి లెక్కిస్తే, ఆ పత్రాలకు పట్టిన కాలంలో ఒక మనిషి పనిలో చేరి, ముసలిదై, పని మానేసి ఉంటుంది.

చెత్త చేతుల మీదుగా పోతే, మురుగునీరు వాలు మీదుగా పోతుంది. బెంగళూరు ఒక మిట్ట మీద ఉన్న ఊరు. వాన నీరు వృషభావతి, హెబ్బాళ, కోరమంగల–చల్లఘట్ట అనే మూడు లోయల గుండా దిగువకు పారుతుంది. ఒక చెరువు నిండితే నీరు పక్క చెరువుకు చేరేలా రాజకాలువలు తవ్విన పూర్వులు ఆ వాలును సాగునీటికి వాడుకున్నారు. ఊరు పెరిగే కొద్దీ అదే వాలు మురుగు కాలువ అయింది. ధర్మాంబుధి చెరువు బస్టాండుగా, సంపంగి చెరువు కంఠీరవ స్టేడియంగా మారాయి. నీరు నిలిచే చోటు తగ్గి, రాజకాలువ గట్టున గుడిసె వేసుకున్న కుటుంబానికి ప్రతి వానాకాలం గండంగా మారింది. కర్ణాటక మురికివాడల చట్టం 1973లో వచ్చింది. ఒక వాడకు మురికివాడ అన్న గుర్తింపు దొరికితే కుళాయికీ మరుగుదొడ్డికీ దారి ఏర్పడుతుంది గాని, ఆ గుర్తింపు దొరకని వాడలు ప్రభుత్వ కాగితాల్లో ఉండనే ఉండవు.

కోరమంగలలో ఈ తేడా నడిచి చూడగలిగినంత దగ్గరలో ఉంది. 1997 జాతీయ క్రీడల కోసం అక్కడి చెరువు కడుపులో అపార్టుమెంట్లు కట్టి, తరువాత వాటిని ఇళ్ళుగా ఉపయోగించారు. చెరువులో కట్టినా వాటిని ఆక్రమణ అని కూల్చలేదు. ఆ పక్కనే ఈజీపురలో ఆర్థికంగా వెనుకబడినవారికని పాలికె కట్టించిన పదిహేను వందల పైచిలుకు ఇళ్ళ సముదాయంలో 2007లో కట్టడాలు కూలాయి. ఇళ్ళు పోయినవాళ్ళు అక్కడే రేకుల షెడ్లలో ఏళ్ళ తరబడి బతికారు. 15 ఎకరాలు దాటిన ఆ స్థలంలో సగం మాల్‌కు, సగం పేదల ఇళ్ళకు అని ఒక ప్రైవేటు సంస్థతో ఒప్పందం కుదిరింది. 2013 జనవరి చలిలో పోలీసు బందోబస్తు మధ్య షెడ్లను నేలమట్టం చేశారు. అక్కడి ఆడవాళ్ళలో చాలామంది చుట్టుపక్కల ఇళ్ళలో పాచిపని చేసేవాళ్ళు. పనిచేసే ఇల్లు అక్కడే ఉంది, పడుకునే చోటు లేదు. ఊరి బయటకు పంపితే పని పోతుంది, ఉండిపోతే ఫుట్‌పాత్ మీద పిల్లలతో తెల్లవార్చాలి. కాలుష్యం గురించిన నివేదికల్లో ఈ సంగతికి చోటు ఉండదు. కాని మంచి గాలీ నీరూ ఉన్న ప్రాంతంలో నివసించే హక్కు ఎవరిది అన్నది కూడా పర్యావరణ ప్రశ్నే.

చెత్త సంగతీ ఇంతే. ఊరి చెత్త మావళ్ళిపురకు, మండూరుకు వెళ్ళేది. ఆ పల్లెల బావుల నీరు చెడింది, ఈగలు ముసిరాయి, దుర్వాసనకు తలుపులు మూసుకుని అన్నం తినవలసి వచ్చింది. 2012లో మావళ్ళిపుర, 2014 చివరలో మండూరు చెత్త లారీలను ఆపించగలిగాయి. ఒక పల్లె పోరాడి గెలిచిన ప్రతిసారీ లారీలు ఇంకో పల్లె దగ్గరి పాత రాతి క్వారీకి మళ్ళాయి.

బెళ్ళందూరు చెరువు 2015లో నురుగు మీద మంటతో ప్రపంచమంతటా వార్తయింది. 2018 జనవరిలో మళ్ళీ అంటుకుంటే సైనికులు వచ్చి ఆర్పారు. ఆ ఏడాది చివర జాతీయ హరిత ట్రిబ్యునల్ ప్రభుత్వానికి 50 కోట్ల రూపాయల జరిమానా విధించింది. ఎత్తైన అపార్టుమెంట్ల కిటికీల్లోంచి ఆ పొగ కనపడింది గనుక అంత కదలిక వచ్చిందని నా నమ్మకం. అదే ఊరి మురుగును దశాబ్దాలుగా మోస్తున్న వృషభావతి గట్టున, మైసూరు రోడ్డు వెంబడి వాడల్లో ఉన్నవాళ్ళకు అలాంటి కిటికీలు లేవు.

2018 జూన్‌లో ఈ వాలు కథ మరో మలుపు తిరిగింది. కోరమంగల–చల్లఘట్ట లోయ మురుగును రెండో దశ వరకు శుద్ధి చేసి, రోజుకు 40 కోట్ల లీటర్ల లక్ష్యంతో, పైపుల ద్వారా కోలారు జిల్లా చెరువులకు ఎత్తిపోయడం మొదలైంది. ఏ జీవనదీ లేని, ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడం మాట్లాడే ఆ జిల్లా నుంచి ఎందరో చీపురు పట్టడానికి, తాపీ పనికి బెంగళూరు వచ్చారు. నెల తిరగకముందే లక్ష్మీసాగర చెరువులో నురుగు లేచింది, నీరు ఆగింది, కోర్టుల దాకా వెళ్ళి మళ్ళీ సాగింది. ఎండిన బోర్లలో నీరు పైకి వచ్చినందుకు రైతులు సంతోషించారు, ఆ సంతోషాన్ని తేలిగ్గా తీసిపారేయడం అన్యాయం. నీటిని ఇంకా శుభ్రపరిచే మూడో దశ శుద్ధి కూడా చేసి పంపమని అక్కడివారు అడుగుతూనే ఉన్నారు. ఆ చెరువుల కింద పండిన టమాటాలు రాత్రి లారీలెక్కి తెల్లారేసరికి బెంగళూరు మార్కెట్టు చేరతాయి. పండించిన ఇంట్లో తాగడానికి మాత్రం ఊరి శుద్ధనీటి కేంద్రంలో నాణెం వేసి 20 లీటర్ల క్యాను పట్టుకొస్తారు.