ఆ ఆదివారం పొద్దుటి గొంతులు

2004 డిసెంబరు 26, పున్నమి ఆదివారం. పొద్దున 6.28కి సుమత్రా దగ్గర సముద్రం అడుగున భూమి కదిలింది. రెండున్నర గంటలకల్లా నీళ్ళు మన తీరం మీద పడ్డాయి. ఆలోపు కబురు చెప్పే ఏర్పాటే లేదు. హైదరాబాదులో సముద్ర సమాచారం అందించే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం 2007 అక్టోబరులో గానీ మొదలవలేదు. దేశంలో పది వేల మందికి పైగా, మన రాష్ట్రంలో వంద మందికి పైగా పోయారు.

ఆ లెక్కలు కాగితాల్లో ఉన్నాయి. మైపాడులోనో కొత్తపట్నంలోనో వల సర్దుకుంటున్న మనిషి ముందు ఏం విన్నాడో, ఎటు పరిగెత్తాడో అతని నోటే వినాలి. అప్పటి అరవై ఏళ్ళ వాళ్ళకు ఇప్పుడు ఎనభై దాటాయి.

గొంతులు దాచే పని పాతదే. 1946లో డేవిడ్ బోడర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఉక్కు తీగ మీద ధ్వని ఎక్కించే యంత్రాన్ని యూరప్ శిబిరాలకు మోసుకెళ్ళి, నాజీల చెరలోంచి బతికొచ్చినవాళ్ళ మాటలు 90 గంటలకు పైగా పట్టాడు. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత అమెరికా రేడియోవాళ్ళు ఫోన్ లైను తెరిచి, ఇళ్ళలో మిగిలిన ఫోన్ సందేశాలు అడిగి తీసుకున్నారు. భోపాల్‌లో 2014లో తెరిచిన జ్ఞాపకాల మ్యూజియంలో రిసీవరు చెవికి పెట్టుకుంటే గ్యాస్ బాధితులే మాట్లాడతారు.

మన తీరంలో అప్పటి గొంతులు పట్టిన క్యాసెట్లుంటే ఉప్పుగాలికి, తేమకు బూజు పట్టి ఉంటాయి. అలాగే ప్లేయర్లో పెడితే బూజు హెడ్డుకు, అంటే టేపును చదివే భాగానికి, అంటి తర్వాతి క్యాసెట్‌కూ పాకుతుంది. టేపును హెడ్డుకు అదిమే గోరంత ఫెల్ట్ ముక్క చూడండి. జిగురు ఎండి అది ఊడితే గొంతు దుప్పట్లోంచి వచ్చినట్టుంటుంది. టేపు చుట్టిన చక్రాలు తీసి, స్క్రూలతో బిగించే మరో క్యాసెట్ డబ్బాలోకి మార్చితే సరి. తొంభై నిమిషాల సి-90 టేపు అరవై నిమిషాల సి-60 కన్నా పలచన, తొందరగా సాగుతుంది. కంప్యూటర్లోకి 96 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలుగా ఎక్కిస్తే స్టీరియోకు గంటకు 2 జీబీ పడుతుంది.

పాత కీప్యాడ్ ఫోన్లు గొంతును కుదించి దాచిన ఏఎంఆర్ ఫైళ్ళలో సుమారు 3,400 హెర్ట్జ్‌కు పైన ధ్వనే ఉండదు. ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని తిరిగి తేలేదు. అసలు ఫైలు ముట్టుకోకుండా దాచాలి, వాట్సాప్‌లో పంపాల్సొస్తే డాక్యుమెంటుగానే పంపాలి.

కొత్తగా రికార్డు చేసేటప్పుడు మైకు నోటికి జానెడు దూరంలో ఉండాలి, ఫ్యాను ఆపాలి, గట్టిగా పలికినా స్థాయి మైనస్ 12 డెసిబెల్స్ దాటకూడదు. సముద్రపు హోరును మాత్రం చెరపొద్దు, మాటలు మొదలెట్టకముందే ఒక నిమిషం విడిగా పట్టండి. ఎవరెవరికి వినిపించవచ్చో ఆ మనిషి గొంతుతోనే మొదట చెప్పించండి.

"సునామీ గురించి చెప్పండి" అంటే టీవీలో విన్నదే చెబుతారు. మన పాళేల్లో చాలామందికి ఆ మాట ఆ తర్వాతే తెలిసింది. "ఆ పొద్దున ఏ వల తీశావు పెదనాయనా?" అని అడగండి. నీళ్ళకు వాళ్ళు అప్పుడు పెట్టుకున్న పేరు దానంతటదే వస్తుంది. మధ్యలో ఆగిపోతే మిషను ఆపొద్దు.

కాపీలు మూడు చేయండి. ఒకటి ఆ ఇంటివాళ్ళకు. ఒకటి తప్పకుండా తీరానికి దూరంగా, తుఫాను నీళ్ళు అందని ఊళ్ళో.