లైవ్ చాట్‌లో కొత్తవారికి చోటు: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలోని మా మిద్దె మీద నుంచి ప్రతి ఆదివారం ఉదయం 7 గంటలకు యూట్యూబ్‌లో ఒక మిద్దెతోట లైవ్ నడుస్తుంది. మొక్కల గురించి చెప్పేది మా అక్క, చాట్ చూసుకునేది నేను. కొత్తగా లైవ్ మొదలుపెట్టే మిత్రులు కెమెరా గురించీ మైకు గురించీ ఎంతో శ్రద్ధగా అడుగుతారు. చాట్ మాత్రం దానంతట అదే కుదురుకుంటుందని నమ్ముతారు. ఆ నమ్మకం నుంచి పుట్టే అపోహలను, నా అనుభవంలో తేలిన వాస్తవాలను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: చూసేవారు పెరిగితే చాట్‌లో ఆత్మీయత కూడా పెరుగుతుంది.

వాస్తవం: మా లైవ్‌ను 40 మంది చూసిన రోజుల్లో ప్రతి ప్రశ్నకూ జవాబు దొరికేది. 400 మంది చూడడం మొదలైన తరువాత ప్రశ్నలు కళ్లముందే పైకి జారిపోయేవి. పాతవారు తమలో తాము మాట్లాడుకుంటూ ఉంటే, కొత్తగా వచ్చినవారు ఒక మాట రాసి, ఎవరూ పలకకపోవడంతో వెళ్లిపోయేవారు. పెళ్లింట్లో ఎదురు వెళ్లి లోపలికి తీసుకువచ్చే మనిషి లేకపోతే, పిలుపు అందుకుని వచ్చిన చుట్టం కూడా పందిరి బయటే నిలబడిపోతాడు. ఆ ఎదురు వెళ్లే మనిషి ఎవరో లైవ్ మొదలుకాక ముందే తేల్చుకోవాలి. మా దగ్గర కొత్త పేరు కనిపించగానే ఏ ఊరు, ఏ మొక్క అని అడిగే పని నాది. ప్రశ్నలను నోటుపుస్తకంలో వరుసగా రాసి, పది నిమిషాలకొకసారి అక్క ముందు పెట్టే పని మా తమ్ముడిది. ఈ రెండు పనులూ ఒకే మనిషి చేయాలని చూసినన్నాళ్లూ రెండూ చెడ్డాయి.

అపోహ: లైవ్ నడిపేవారు వచ్చిన ప్రతి ఒక్కరికీ పేరు పెట్టి నమస్కారం చెప్పాలి.

వాస్తవం: అలా చేస్తే మొదటి పావుగంట నమస్కారాలతోనే గడిచిపోతుంది, తరువాత రికార్డింగ్ చూసేవారికి ఆ భాగమంతా వృథా అవుతుంది. పలకరింపు చాట్‌లో జరగాలి; మైకులో వినిపించవలసింది వారి ప్రశ్న. "పలమనేరు నుంచి ఒకరు మిరపలో ఆకుముడత గురించి అడిగారు" అన్న ఒక్క వాక్యం, పది నమస్కారాలకంటే ఎక్కువ ఆదరణను ఇస్తుంది.

అపోహ: చెడ్డ మాటల పట్టిక ఒకసారి తయారుచేసి పెట్టుకుంటే చాట్ శుభ్రంగా ఉంటుంది.

వాస్తవం: ఈ ఒక్క అపోహ వల్ల మేము పడినంత ఇబ్బంది మరి దేనివల్లా పడలేదు. యూట్యూబ్‌లో నిషేధించిన పదాల పట్టిక పెట్టుకోవచ్చు. ఆ పదం ఉన్న సందేశం చాట్‌లోకి రాకుండా ఆగిపోతుంది. కానీ మన చాట్‌లో తెలుగు ఎక్కువగా ఇంగ్లిషు అక్షరాల్లో నడుస్తుంది. ఒకే తిట్టును ఒకరు ఒక టితో, ఒకరు రెండు టిలతో, మరొకరు టి పక్కన హెచ్ చేర్చి రాస్తారు. పట్టుబడకూడదనుకున్నవారు అక్షరాల మధ్య చుక్కలో అంకెలో ఇరికిస్తారు. పట్టికలో తెలుగు లిపిలో ఉన్న మాట వీటిలో ఒక్కదాన్నీ ఆపలేదు. కాబట్టి ప్రతి మాటనూ తెలుగు లిపిలోనూ, వాడుకలో కనిపించిన ఇంగ్లిషు రాతలన్నిటిలోనూ చేర్చుకుంటూ పోవలసి వచ్చింది.

అంతకంటే బాధ కలిగించినది దీనికి పూర్తిగా వ్యతిరేకమైన సంగతి. ఎవరో మా అక్కను ఉద్దేశించి "పిచ్చి", "చెత్త" అని రాశారని, కోపంలో ఆ రెండు మాటలనూ పట్టికలో చేర్చాను. తరువాతి రెండు వారాలు పిచ్చి మొక్కలను ఎలా తీయాలని అడిగినవారి ప్రశ్నలు, వంటింటి చెత్తతో ఎరువు చేయడం గురించి అడిగినవారి ప్రశ్నలు ఒక్కటి కూడా చాట్‌లో కనిపించలేదు. తోటల చాట్‌లో ఆ రెండు మాటలూ నిత్యావసరాలు. పట్టికలో ఏ మాట చేర్చే ముందైనా, అది మీ విషయంలో మామూలుగా వచ్చే మాటేనా అని ఆలోచించండి. ఏ మాట తిట్టు, ఏ మాట ప్రశ్న అన్నది తెలుగు తెలిసిన మనిషే చూసి చెప్పగలరు.

అపోహ: అందరినీ "బ్రో" అని పిలిస్తే దగ్గరితనం వస్తుంది.

వాస్తవం: మా చాట్‌లో కుర్రవాడి ఫోటో ఉన్న ఖాతా నుంచి రాస్తున్నది చాలాసార్లు ఆ కుర్రవాడి తల్లో, తాతో అయి ఉంటారు, ఎందుకంటే ఇంట్లో ఫోనులో ఖాతా తెరిచింది పిల్లలే. అరవై ఏళ్ల పెద్దమ్మను "ఏం బ్రో, ఇది కూడా తెలియదా" అని పలకరిస్తే ఆమె మళ్లీ రాదు. "రా" అన్న మాట సంగతి ఇంకా సున్నితమైనది: మన చిత్తూరు వైపు స్నేహితుల మధ్య అది ప్రేమ, ముఖం తెలియని మనిషికి రాస్తే అవమానం, గొంతు వినబడని చాట్‌లో ఆ తేడా తెలియదు. అందుకే వయసు తెలిసేదాకా "అండి", "గారు" అనే వాడాలని మా పాతవారందరికీ చెప్పాము. పరిచయమైన తరువాత వారే ఒకరినొకరు అన్నా, అక్కా, సామీ అని పిలుచుకుంటున్నారు. ఆ పిలుపు ఎదుటివారి ఇష్టంతో వచ్చింది కాబట్టి నిలిచింది.

భాష విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. నగరి, పుత్తూరు వైపు వారి రాతలో తమిళం కలుస్తుంది, వేలూరు నుంచి చూసే కొందరు పూర్తిగా తమిళంలోనే అడుగుతారు. "తెలుగులో రాయండి" అని మందలించే బదులు, తమిళం తెలిసిన ఒకరు ఆ ప్రశ్నను తెలుగులోకి మార్చి రాస్తే సరిపోతుంది.

అపోహ: విషయానికి సంబంధం లేని ప్రశ్న వస్తే వెంటనే తొలగించాలి.

వాస్తవం: తిరుపతి నుంచి లైవ్ అని తెలియగానే, ఈ రోజు కొండ మీద రద్దీ ఎలా ఉందని, 300 రూపాయల దర్శనం టికెట్లు దొరుకుతాయా అని అడిగేవారు ప్రతి వారమూ ఉంటారు. వారు దారి తప్పి వచ్చిన అతిథులే తప్ప అల్లరి చేసేవారు కారు. దర్శనం, వసతి కోసం తిరుమల తిరుపతి దేవస్థానం అధికారిక వెబ్‌సైటునే చూడమని ఒక్క వాక్యం సిద్ధంగా ఉంచుకుని పెడతాను; వారిలో కొందరు ఆగి లైవ్ చూస్తారు కూడా. కానీ అదే అదనుగా "టికెట్లు ఇప్పిస్తాం" అంటూ ఫోను నంబరు పెట్టేవారిని మాత్రం క్షణం ఆలస్యం చేయకుండా తొలగించాలి. మా చాట్‌లో చూసిన నంబరును నమ్మి ఒక యాత్రికుడు డబ్బు పోగొట్టుకుంటే ఆ బాధ్యతలో మాకూ వాటా ఉంటుందని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. లింకులను ఆపే ఏర్పాటు కూడా అందుకే ఎప్పుడూ వేసి ఉంచుతాము.

అపోహ: స్లో మోడ్ ఎంత ఎక్కువ పెడితే చాట్ అంత క్రమశిక్షణతో ఉంటుంది.

వాస్తవం: స్లో మోడ్ అంటే ఒక మనిషి రెండు సందేశాల మధ్య ఇన్ని సెకన్లు ఆగాలన్న కట్టుబాటు. యూట్యూబ్ చాట్‌లో ఒక సందేశం 200 అక్షరాలకు మించదు, తెలుగు లిపిలో గుణింతాలూ ఒత్తులూ విడిగా లెక్కకు వస్తాయి కాబట్టి మాటలు ఇంకా తక్కువ పడతాయి. మొక్క వయసు, కుండీ కొలత, వేసిన ఎరువు అన్నీ వివరంగా చెప్పాలనుకునే పెద్దవారు ప్రశ్నను మూడు ముక్కలుగా రాస్తారు. 60 సెకన్లు పెడితే మొదట దెబ్బ తినేది వారే. మేము 10 సెకన్లతో సరిపెట్టుకున్నాము.

అపోహ: లైవ్‌లో మనం ప్రశ్న అడిగిన వెంటనే చాట్‌లో జవాబు రాకపోతే ఎవరికీ ఆసక్తి లేనట్లే.

వాస్తవం: మన మాట చూసేవారికి చేరడానికే కొన్ని సెకన్లు పడుతుంది. యూట్యూబ్‌లో ఆలస్యాన్ని మూడు స్థాయిల్లో ఎంచుకోవచ్చు. అతి తక్కువ ఆలస్యం ఎంచుకుంటే సిగ్నల్ సరిగా లేని ఊళ్లలో వీడియో ఆగిపోయే అవకాశం పెరుగుతుంది. అడిగిన ప్రశ్నను మరోసారి చెప్పి, మొక్కకు నీళ్లు పోస్తూ అర నిమిషం ఆగితే జవాబులు వాటంతట అవే వస్తాయి.

అపోహ: మౌనంగా చూసేవారిని మాట్లాడించాలి.

వాస్తవం: చూడడమే వారికి ఇష్టమైతే ఆ ఇష్టాన్ని గౌరవించాలి.

అపోహ: ఒకరిని దాచేస్తే ఆ సమస్య ముగిసినట్లే.

వాస్తవం: ఛానల్‌లో ఒక మనిషిని దాచినప్పుడు వారి సందేశాలు ఇతరులకు కనిపించవు, ఆ సంగతి వారికి తెలియజేయడమూ జరగదు. వేధించడానికే వచ్చేవారి విషయంలో ఇది మంచి ఆయుధం. ఒకసారి ఒక ఖాతా నుంచి ఒకే ప్రశ్న వరుసగా నాలుగుసార్లు వచ్చింది. అది ప్రకటనల ఖాతా అనుకుని నేను దాచేశాను. రెండు నెలల తరువాత సెట్టింగ్స్‌లో దాచిన ఖాతాల జాబితా తిరగేస్తూ ఉంటే, ఆ పేరు ఎక్కడో చూసినట్లు అనిపించి పాత చాట్ తీసి చదివాను. అవి ప్రకటనలు కావు, కుండీలో నిమ్మ పూత ఎందుకు రాలిపోతోందని అడిగిన ప్రశ్న. నెట్ సరిగా లేక సందేశం వెళ్లలేదనుకుని ఆమె మళ్లీ మళ్లీ పంపారు. దాచినది తీసివేసిన తరువాతి ఆదివారం ఆమె రాసిన మొదటి మాట, "ప్రతి వారమూ అడుగుతూనే ఉన్నానమ్మా, ఎవరూ పలకలేదు" అని. చాట్‌లోనే ఆమెను క్షమాపణ అడిగాను.

అప్పటి నుంచి అనుమానం ఉన్నప్పుడు ముందు ఆ ఖాతాను 5 నిమిషాలు మాత్రమే రాయకుండా ఆపుతాను, దాచడానికి ముందు తమ్ముడికి చూపిస్తాను, నెలకొకసారి ఆ జాబితా మొత్తం చదువుతాను. ఆ రోజు మా అక్క మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి ఆమెతోనే మొదలుపెట్టింది. ఒకరోజు కుండీ నిండా పోసి మరో రెండు రోజులు మరిచిపోతే పూత నిలవదని, తడి ఒకే తీరుగా ఉండేలా వేలు పెట్టి చూసి నీళ్లు పోయమని, ఎండలు ముదిరే మే నెలలో మొక్క మొదలు చుట్టూ ఆకులు పరచమని చెప్పింది. ఆమె తన కుండీ ఎంత ఉంటుందో, మిద్దె మీద ఎటువైపు పెట్టారో మూడు సందేశాల్లో రాశారు.